తప్పు చోట కలిసిన అట్టలు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. హిందూపురంలో ఒక సర్జన్ గదిలో అన్నాను. మా బావ కాలు చాపుకొని బల్ల మీద కూర్చున్నాడు. మా అక్క ఆయన వెనక నిలబడి ఉంది. పక్కన బావ వాళ్ల అమ్మ, మా అత్త.

డాక్టరు బావ కుడి మోకాలికి పైన, లోపలి వైపున్న గడ్డను రెండు వేళ్లతో నొక్కి చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎన్నాళ్లనుంచి ఉండాది?"

"ఏడాది అయ్యుంటుంది సార్," అన్నాడు బావ.

"ఏడాదా? ఇన్ని దినాలు ఏం చేస్తాంటిరి? ఎవురికీ చూపించలేదా?"

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో నిందేమీ లేదు. డాక్టర్లతో, ఆఫీసుల్లో మాట్లాడే పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే కాబట్టి, జవాబు నేనే చెప్తానని చూసింది.

"మా అక్క ఆముదం కాచి దినామూ రుద్దుతా ఉండె సార్. ఆ రుద్దుడుకే ముదిరినట్టుంది," అన్నాను.

డాక్టరు అవుననలేదు, కాదనలేదు. చీటీ రాసుకుంటూ "ఇంక రుద్దొద్దండి" అని మాత్రం అన్నాడు. నా మాట నిజమని ఇంట్లోవాళ్లు నమ్మడానికి అది చాలింది. అక్క కుడి చేతిని కొంగు కిందికి లాక్కుంది. అత్త ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

అక్క రుద్దిన మాట నిజమే. కానీ డాక్టరు అడిగింది అది కాదు. ఎవరికీ చూపించలేదా అని అడిగాడు. చూపించారు. నాకు చూపించారు.

అప్పుడు నేను పెనుకొండలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి, కాపురం హిందూపురంలో. అక్కావాళ్లది ధర్మవరం. మా వైపు జువాలజీ సారంటే సగం డాక్టరు. జ్వరం వచ్చినా, మేక ఈనకపోయినా నన్నే అడిగేవాళ్లు. నాకూ ఆ గౌరవం రుచిగానే ఉండేది. తెలియదు అనే మాట నా నోట వచ్చిన గుర్తు లేదు.

ఆ డాక్టరు దగ్గరికి పోవడానికి పది నెలల ముందు ఒక ఆదివారం ధర్మవరం పోయాను. బావ మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుని లుంగీ పైకి జరిపాడు.

"ఏం సారూ, దీన్ని మీ పాఠంలో ఏమంటారు? పట్టుగూడంత ఉండాది చూడు."

నేను వేయించిన శనక్కాయలు తింటున్నాను. ఎడమ చేతి వేలితో ఒకసారి నొక్కాను. నొప్పి లేదన్నాడు.

"కొవ్వు గడ్డ బావా. లైపోమా అంటారు. ఏమీ కాదు, గమ్మునుండు."

"చూస్తివా," అన్నాడు బావ లోపలికి చూసి, "సారు చెప్పేసినాడు. నువ్వు ఊరికే భయపడతాంటివి."

అక్క చేటతో బయటికి వచ్చింది. "ఒకతూరి డాక్టరుకు చూపిస్తే మేలు కదా అబ్బీ?"

"నేను చెప్తాండా కదక్కా," అని నవ్వాను.

ఆ తర్వాత అక్క తనకు తెలిసిన వైద్యం తను చేసింది. వావిలాకు వేడి చేసి కట్టింది. రాత్రి అన్నాలయ్యాక ఆముదం రాసి రుద్దింది. పట్టుగూడంత ఉన్నది నిమ్మకాయంతయి, ఆ తర్వాత చీనీకాయంత, అంటే బత్తాయంత అయింది. మధ్యలో నేను రెండు మూడుసార్లు పోయినా మళ్లీ చూడలేదు. వాళ్లూ చూపించలేదు. సారు చెప్పేశాడు కదా.

హిందూపురం సర్జన్ మమ్మల్ని బెంగళూరు పంపించాడు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, మెత్తటి కండలో పుట్టే క్యాన్సరని చెప్పారు. చుట్టూ కొంత మంచి కండతో సహా గడ్డను తీసేశారు. కాలు తీసెయ్యకుండా నిలబెట్టారు. ఆపైన కొన్ని వారాలు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడు అక్కడి సిస్టరు మా అందరినీ వరసగా నిలబెట్టి చెప్పింది. కరెంటు పెట్టిన కండ బిగుసుకుంటుంది, మోకాలిని దినానికి రెండు పూటలా ఎవరో ఒకరు పట్టుకొని వంచాలి, లేకపోతే కాలు కట్టెలా అయిపోతుంది. గాటు మీద చెయ్యి పెట్టొద్దు, పిక్కకూ పాదానికీ నూనె రాయొచ్చు.

అందరం అక్కను చూశాం. అక్క తన చేతిని చూసుకుంది.

"ఆమె చెయ్యి వద్దులేమ్మా," అంది అత్త సిస్టరుతో. "నేను వంచుకుంటాలే నా కొడుకు కాలు."

అత్త చేతులకు బలం ఎక్కడిది? నలభై ఏళ్లు కండెలకు పట్టుదారం చుట్టి చుట్టి వేళ్లు వంకర పోయాయి. మగ్గం నేసేవాడి కాలు వంచడమంటే మాటలు కాదు. అయినా ఆమె పట్టు విడవలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే ఆమె చెప్పే మాట ఒకటే. "మేమంటే చదువు లేనోళ్లం. ఆమె తమ్ముడే చెప్పినాడు డాక్టరు ముందర, రుద్దబట్టే ముదిరిందని."

అక్క ఎదురు చెప్పలేదు. బావకు అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, గుడ్డలు ఉతికేది. కాలు మాత్రం తాకేది కాదు. మంచం మీద దుప్పటి కప్పేటప్పుడు కూడా కొసలు పట్టుకొని దూరం నుంచి కప్పేది.

బావకు ఇంకా కరెంటు పెడుతున్న రోజుల్లోనే, ఆపరేషన్‌లో తీసిన కండ మీద చేసిన ఇంకొక పరీక్ష తాలూకు కాగితం తీసుకోవడానికి నేను ఒక్కణ్ణే ఆ ఆస్పత్రి ల్యాబుకు పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండింది. చిన్న వయసు. నా మాట వినగానే, "మీది హిందూపురం పక్కనా? మాది అమరాపురం సార్" అని కుర్చీ చూపించింది. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది. నేను జువాలజీ చెప్తానని తెలిసి సంతోషపడింది.

"అయితే మీకు సులభంగా అర్థమవుతుంది. చూడండి ఈ ఫోటో."

నల్లటి ఫోటో. అందులో నీలంగా గుండ్రటి కణాలు, వాటిలో ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు.

"ఒక జీనుకు ఆ పక్క ఎరుపు, ఈ పక్క ఆకుపచ్చ రంగు అంటిస్తాం. జీను తెగకుండా ఉంటే రెండు చుక్కలూ ఆనుకొనే ఉంటాయి. ఇక్కడ చూడండి, ఎరుపు ఒక మూల, ఆకుపచ్చ ఒక మూల. తెగిపోయింది. పద్దెనిమిదో క్రోమోజోమూ ఎక్స్ క్రోమోజోమూ రెండూ తెగి, దీని ముక్క దానికి అతుక్కుంది. ఈ రకం గడ్డకు ఇదే గుర్తు. గొత్తాయితా, తెలిసిందా సార్?"

నాకు తెలిసిందే. క్రోమోజోముల ముక్కలు చోటు మారడం గురించి ఏటా నల్లబల్ల మీద రెండు కడ్డీలు గీసి, కొసలు మార్చి, పిల్లలచేత రాయించేవాణ్ణి. మార్కులు వచ్చే ప్రశ్న అది. అది ఒక మనిషి మోకాలి పక్కన జరిగే పని అని ఒక్కసారి కూడా తట్టలేదు.

"డాక్టరమ్మా," అన్నాను, "రుద్దితే ఇట్ల తెగుతుందా?"

"రుద్దితేనా? లేదు సార్. ఎప్పుడో ఒక్క కణంలో దానంతట అది జరిగిపోతుంది. ఎందుకు జరిగిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రుద్దితే రాదు, మగ్గం తొక్కితే రాదు. ఎవరు రుద్దినారు?"

"మా అక్క."

"పాపం, ఆమె అదే అనుకొని ఏడుస్తూ ఉంటుంది. ఆమెకు మొదట ఈ మాట చెప్పండి." కాగితం కవరులో పెడుతూ ఇంకొక మాట అంది. "ఆలస్యమైతే మాత్రం కష్టం. లోతుగా ఉన్న గడ్డ, పెరుగుతా ఉంటే వెంటనే చూపించాల. ఎవరో ఒకరు వేలుతో నొక్కి కొవ్వు గడ్డ అంటారు. అందరిళ్లలోనూ అట్లాంటివాడు ఒకడుంటాడు."

నేను కవరు తీసుకొని వచ్చేశాను.

రైలు ఆ సాయంత్రం హిందూపురంలో ఆగింది. బావకు తోడుగా ఆ వారం ఒక చుట్టం ఆస్పత్రిలోనే ఉన్నాడు. అక్కా అత్తా ధర్మవరంలో ఉన్నారు. నేను దిగకుండా కూర్చుంటే, పెనుకొండ దాటి రాత్రికల్లా ధర్మవరం చేరి, డాక్టరమ్మ చెప్పమన్న మాట చెప్పి ఉండొచ్చు. హిందూపురంలోనే దిగిపోయాను. తర్వాత ప్రాక్టికల్ పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను. అక్క తప్పు లేదని చెప్పాలంటే, మరి ఆ మాట ఎందుకన్నావని అత్త అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి ఆ కవరును రెండు నెలలు నా సంచిలోనే మోశాను. సిస్టరు మమ్మల్ని వరసగా నిలబెట్టిన రోజు కూడా అది సంచిలోనే ఉంది.

బావ ఇంటికి వచ్చిన నెలకు ఒక ఆదివారం పోక తప్పలేదు. పోయేసరికి బావ మగ్గం గుంత గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు గుంతలో ఉంది. కుడి కాలు నేల మీద తిన్నగా చాపి ఉంది. అది వంగడం లేదు. అత్త దాని పక్కన కూర్చుని, మడమ పట్టుకొని ఎత్తాలని చూసి, ఎత్తలేక వదిలేస్తోంది. అక్క గడప దగ్గర నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక పెట్టుకుంది.

"ఏమబ్బా, దావ మర్సిపోయినావా?" అన్నాడు బావ. "కూచో. నాకి ఇప్పుడు ఒకటిన్నర కాలు. మగ్గానికి రెండు కావాల. ఇదేమో వంగనంటుంది, నేనేమో లేయనంటుండా."

నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఎదురుగా మేకుకు డిజైన్ అట్టల కట్టలు వేలాడుతున్నాయి. వాటిని చూడగానే నా చదువు రోజులు గుర్తుకొచ్చాయి.

తొంభైల మొదట్లో నేను ధర్మవరంలోనే అక్క ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. పట్టుచీర మీద పూలూ నెమళ్లూ వచ్చేది ఆ అట్టల వల్లే. గట్టి అట్టకు వరసగా రంధ్రాలుంటాయి. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును పైకెత్తుతుంది, లేనిచోట పోగు అణిగి ఉంటుంది. అట్టలన్నిటినీ దారంతో దండలా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తారు. చీర ఒంటికి ఒక దండ, కొంగుకు ఒక దండ. పోగులు రెంటికీ అవే.

ఒక వానాకాలం ఎలుకలు ఆ రెండు దండల దారాలనూ కొరికేశాయి. అట్టలు నేల మీద పడి కలిసిపోయాయి. బావ ఇంట్లో లేడు. ఉన్న అక్కనూ అడగలేదు. ఊరికే తిని కూర్చుంటున్నానన్న సిగ్గుతో వాటిని నేనే ఏరి కుట్టాను. అట్టల కొసల మీద పెన్సిలుతో రాసిన అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. కనపడని చోట ఊహించుకొని కుట్టేశాను.

మరునాడు బావ నేస్తుంటే, చిన్న బుటాలు రావాల్సిన చీర ఒంట్లో, ఉన్నట్టుండి నెమలి మెడ లేచింది. బావ నేత ఆపాడు. కొక్కేలు చూశాడు, పోగులు చూశాడు, తొక్కుడు పలక చూశాడు. ఒక పూటంతా వెదికాడు. ఎక్కడా తప్పు లేదు. ఒక్కొక్క అట్టనూ వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక్క రంధ్రం కూడా చెడిపోలేదు. చివరికి దండలో ఒకచోట వేలు పెట్టి నన్ను పిలిచాడు. అంతవరకు ఒంటి అట్టలు. అక్కడినుంచి కొంగు అట్టలు.

"నెమలి కొంగులో ఉండాల కదబ్బా. నువ్వు దానికి ఈడికి రమ్మని దావ ఏసినావు," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ నెమలి మెడను పోగు పోగుగా విప్పడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. చీర ఆలస్యమైందేమని చీరల అంగడి మనిషి వచ్చి అరుగు మీద అరిచాడు. నేను లోపల తలుపు వెనక ఉన్నాను.

"ఎలకలప్పా," అన్నాడు బావ. "ఎలక కొరికితే ఎవుర్ని ఏమనేది?"

నా పేరు రానివ్వలేదు. ఆ రోజూ ఆ తర్వాతా ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ మనిషి ఇప్పుడు వంగని కాలు చాపుకొని నా ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాడు. నేను లేచి మేకు మీది అట్టల దండ ఒకటి దింపి నేల మీద పరిచాను.

"ఏంది నాయనా, పాఠమా?" అంది అత్త. "పెనుకొండలో పిలకాయలు చాల్లేదా నీకి?"

"నువ్వూ వినత్తా. అక్కా, నువ్వూ ఈడికి రా."

అక్క గడప దాటి రెండడుగులు వేసి ఆగింది.

"మన ఒంట్లో కంటికి కనపడని కణాలు ఉంటాయి. ప్రతిదాంట్లోనూ ఇట్లాంటి అట్టల దండ ఉండాది. కంట్లో ఏ దండ ఉండాదో కాల్లోనూ అదే."

"మల్ల కంట్లో గోరు మొలవదేమబ్బా?" అన్నాడు బావ.

"అదే బావా. అన్ని అట్టలూ ఉన్నా, ఆ తావకు పనికొచ్చే కొక్కేలే లేస్తాయి. తక్కినవి అణిగి ఉంటాయి. దాన్ని చూసుకునేకి లోపల పనోళ్లు ఉంటారు. ఒకడి పని, మూసిపెట్టినవాటిని అవసరమైనప్పుడు తెరిసేది. ఇంకొకడుంటాడు. వాడు కాల్లో ఉన్నా పని లేకుండా పండుకోనుంటాడు. లేస్తే మాత్రం, పోయి మూసిపెట్టిన అట్టల దగ్గరే కూచుంటాడు."

"మా మరిది మాదిరి," అంది అత్త.

"ఈ ఇద్దర్నీ తలా సగం చేసి, ముందర సగం తెరిసేవాడిది, ఎనక సగం ఆ కూచునేవాడిది పెట్టి ఒకటిగా కుట్టినారనుకో. ఏమవుతుంది?"

అక్క నేల మీది అట్టలనే చూస్తోంది. పెళ్లయిననాటి నుంచి అట్టలు కుట్టిన మనిషి.

"మూసిన తావకే పోతాడు," అంది మెల్లగా. "పోయి తెరుస్తాడు. అణిగి ఉండాల్సిన కొక్కేలన్నీ లేస్తాయి."

"అంతేక్కా. నేను కుట్టిన దండతో ఒంట్లోకి నెమలి వచ్చినట్ల. అట్టలు మంచివే, పోగులు మంచివే. కలిసిన తావ తప్పు. ఆ కణం ఇంగ ఎదగదు, ఆగదు, అదే నేత మళ్లీ మళ్లీ నేస్తా పోతుంది. బావ కాల్లో గడ్డ అదే."

ఈ లోపలి పనివాళ్ల సంగతి శాస్త్రజ్ఞులకు ఆ తర్వాతి ఏళ్లలో మరింత వివరంగా తెలిసింది. తెరిచేవాడు నిజానికి ఒక పెద్ద గుంపులో ఒకడని, అతుక్కున్న తోక ఆ గుంపునంతా తనతో ఈడ్చుకుపోతుందని చదివాను. పిల్లల ఎముకల్లోనూ కండల్లోనూ వచ్చే ఇంకొక క్యాన్సరులో, ఇలాగే అతుక్కున్న జీను ఏ పనీ లేని ఖాళీ చోట్లకు పోయి కూర్చుని, లేని మీటలను కొత్తగా పుట్టిస్తుందట. చదివిన ప్రతిసారీ ఆ నేల మీద పరిచిన అట్టలే నాకు కనపడతాయి. కానీ ఆ రోజు అంత అవసరం లేకపోయింది. అత్త అడగాల్సిన ప్రశ్న అడిగేసింది.

"సరే. మల్ల ఎవురు కుట్టినారు అట్ల?"

"ఎవురూ కుట్టలేదత్తా. దండ తెగింది. తెగినదాన్ని ఒళ్లే అతికేసుకుంది, తప్పు తావ అతికేసుకుంది. ఎందుకు తెగిందో పెద్ద డాక్టర్లకు కూడా తెలీదు. అక్క రుద్దింది పైన తోలు మీద. ఆ దండను చెయ్యి తెంపలేదు. నేను బెంగళూరులో అడిగి కనుక్కున్యా."

"మల్ల ఆ పొద్దు డాక్టరు ముందర నువ్వే కదా అన్నావు?"

రెండు నెలలు నేను భయపడిన ప్రశ్న అదే.

"నేనే అన్నా. ఊరికే అన్నా. ఆ గడ్డ పట్టుగూడంత ఉన్నప్పుడే బావ నాకి చూపించినాడు. అక్క డాక్టరు దగ్గరికి పోదామనింది. కొవ్వు గడ్డ, గమ్మునుండండి అని చెప్పింది నేను. పది నెలలు పోయింది నా మాటతోనే. అది బయటికి వస్తుందని అక్క మీదికి తోసినా."

అత్త కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు చెప్పలేదేంరా?"

బావ నేల మీది అట్ట ఒకటి తీసుకొని దాని రంధ్రాల్లోంచి చూశాడు. "ఏం చెప్పేదిమా. చెప్పొద్దనింది ఆమె."

నేను అక్కను చూశాను. అంటే అక్కకు అన్నీ తెలుసు. నేను ఆ గదిలో ఏం చేశానో ఆ నిమిషమే తెలుసు.

"నన్నంటే ఇంట్లో మాట అబ్బీ," అంది అక్క. "నిన్నంటే ఊర్లో మాటయితాది. సారువి. పిలకాయలకు చెప్పుకొని బతకాల." కుడి చేతిని ముందుకు తెచ్చి చూసుకుంటూ, "అయినా నాకి కూడా సందేహమే ఉండె. నా చెయ్యి వల్లే అయిందేమోనని. నువ్వు చదువుకున్యావు కదా, నువ్వే అంటివి."

ఆ చివరి మాట అప్పుడూ తట్టుకోలేకపోయాను, రాస్తున్న ఇప్పుడూ తట్టుకోలేకపోతున్నాను. నా అబద్ధం తెలిసీ, దాంట్లో నిజం ఉందేమోనని వెదుక్కుంది. ఆ చేతిని అన్ని రోజులు అందుకే వెనక పెట్టుకుంది.

అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేచింది. వంటింట్లోకి పోయి ఆముదం గిన్నె తెచ్చి అక్క ముందర నేల మీద పెట్టింది.

"నా చేతుల్లో బలం లేదు," అంది. "ఏమన్నా అనుకోకు. పట్టుకో."

అక్క కూర్చుంది. గిన్నెలో వేళ్లు ముంచి, వెంటనే తాకలేదు. నేను బావ మడమ కింద చెయ్యి పెట్టి ఎత్తాను. అప్పుడు అక్క అరచేయి పిక్క మీద పడింది. ఆ పొద్దు మోకాలు వంగింది నాలుగు వేళ్లంత. బావ పళ్లు బిగించి, "అబ్బ, నెమలిని విప్పినప్పుడు కూడా ఇంత నొప్పి లేదు కదప్పా" అన్నాడు. అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

మరుసటి శనివారం నేను ఒక్కణ్ణే హిందూపురం సర్జన్ దగ్గరికి పోయాను. చీటీ తీసుకొని రోగులతో పాటు కూర్చున్నాను. లోపలికి పోయి, ఫలానా రోజు మా అక్క గురించి ఒక మాట చెప్పాను, అది సరికాదు, గడ్డను మొదట చూసి తప్పు చెప్పినవాణ్ణి నేనే అన్నాను. ఆయనకు మేమెవరమో వెంటనే గుర్తు రాలేదు.

"ఎవురి కాలు?" అని అడిగి, చెప్పాక గుర్తు తెచ్చుకొని, "ఇంకోసారి ఎవురన్నా గడ్డ చూపిస్తే ఏం చెప్తావప్పా?" అన్నాడు.

"నాకు తెలీదు, డాక్టరు దగ్గరికి పోదాం పదండి అంటాను సార్."

"చాలు," అని గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ధర్మవరం పోయాను. నేను మడమ పట్టుకుంటే అక్క మోకాలు వంచేది. మూడు నెలలకొకసారి ఊపిరితిత్తుల ఎక్స్‌రే కోసం బావను బెంగళూరు తీసుకుపోయే పని నేనే పెట్టుకున్నాను. ఇంటికి పలకరించడానికి ఎవరు వచ్చినా, అత్త చెప్పకముందే నా మాట నేనే చెప్పేవాణ్ణి. ఎక్స్‌రే ఫిలిం డాక్టరు వెలుతురుకు పెట్టి చూసే ప్రతిసారీ నేను, అక్క, బావ ముగ్గురం ఆయన మొహమే చూసేవాళ్లం. ఏమీ లేదన్నాక కిందికి వచ్చి టీ తాగేవాళ్లం.

ఎండాకాలం దాటాక బావ కుడి కాలు మెల్లగా గుంతలోకి దిగింది. అన్ని నెలలు నేత లేక, మేకుల మీది దండల్ని మళ్లీ ఎలుకలు కొరికి ఉన్నాయి. బావ ఆ అట్టల్ని కుప్పగా తెచ్చి నా ముందర పోశాడు.

"కుట్టబ్బా," అన్నాడు.

నేను పెన్సిలు తీసుకొని ముందు ఒంటి అట్టలు ఒక పక్క, కొంగు అట్టలు ఒక పక్క పెట్టాను. ఒక్కొక్కదాని మీదా అంకె తిరిగి రాశాను. సందేహం వచ్చిన ప్రతి అట్టనూ పక్కన పెట్టి అక్కను అడిగాను. సాయంత్రమయింది. దండ కుట్టడం మొదలుపెట్టేముందు వరసంతా ఆమెకు చూపించాను. అక్క మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా వేలు పెట్టి చూసుకుంటూ పోయి, ఒకచోట రెండు అట్టలు తారుమారు చేసి, దారం ఎక్కించిన సూదిని నా చేతికిచ్చింది.